ద్వీప దేశాల పేర్ల ముందు ఇంగ్లీషు ‘ద’ (the) ఎప్పుడు పెట్టాలి?

#1 · ద్వారకానగర్_పాఠాలు

అందరికీ నమస్కారం. విశాఖలో పై చదువులకు విదేశాలు వెళ్లబోయే పిల్లలకు ఇంగ్లీషు రాయడం నేర్పుతుంటాను. ఈ వారం తరగతిలో ఒక ప్రశ్న మీద వాదన తెగలేదు. శ్రీలంక, మారిషస్, క్యూబా, మడగాస్కర్ అన్నీ ద్వీప దేశాలే, వేటి ముందూ ‘ద’ రాదు. ఫిలిప్పీన్స్, మాల్దీవ్స్, బహామాస్ కూడా ద్వీప దేశాలే, వాక్యంలో వీటి ముందు మాత్రం ‘ద’ కావాలి. ఒక అబ్బాయి నోట్సులో “ద్వీప దేశమైతే ద పెట్టాలి” అని ఉంది, దాన్ని అక్కడికక్కడే కొట్టేయించాను. ఒక అమ్మాయి లేచి, “ఒకటే దీవి అయితే అక్కర్లేదు, దీవుల గుంపు అయితే పెట్టాలి” అంది. ఆ మాట కొంత దూరం నడుస్తుంది. జపాన్ దగ్గరకు రాగానే ఆగిపోతుంది.

పిల్లలకు పట్టీ ఇచ్చి బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. కారణం చెబితే కొత్త పేరు ఎదురైనా వాళ్లే తేల్చుకుంటారు. ఆ కారణం ఏమిటో వివరంగా చెప్పగలవారు చెప్పండి. సీషెల్స్, సోలమన్ ఐలండ్స్ ముందు ఒక పుస్తకంలో ‘ద’ ఉంటుంది, మరో పుస్తకంలో ఉండదు. అక్కడ దేన్ని నమ్మాలో కూడా కావాలి.

#2 · పాత_లెక్చరర్

అమ్మా, మీ విద్యార్థిని దాదాపు దగ్గరకు వచ్చింది. ఆమె పటంలో దీవులను లెక్కపెట్టింది, లెక్కపెట్టవలసింది పేరులోని వచనాన్ని.

జపాన్ 2023లో తన దీవులను కొత్తగా లెక్కవేసుకుంటే 14,125 తేలాయి. ఇండోనేషియాకు 17,000 పైచిలుకు ఉన్నాయి. అయినా ఈ రెండు పేర్ల ముందు ‘ద’ లేదు, ఎందుకంటే రెండూ ఏకవచన రూపాలు. ఇండోనేషియా అనే మాటలో ‘దీవి’ అని అర్థమిచ్చే గ్రీకు పదమే దాగి ఉంది, అదీ ‘ద’ను రప్పించలేకపోయింది. ఫిలిప్పీన్స్ 7,641 దీవులు, మాల్దీవ్స్ దాదాపు 1,200, బహామాస్ సుమారు 700. ఈ మూడింటి పేర్లే బహువచనాలు. స్థలం పేరు బహువచనంలో ఉంటే ఇంగ్లీషు దాని ముందు ‘ద’ పెడుతుంది. ద హిమాలయాస్, ద నెదర్లాండ్స్ చూడండి. మనుషుల విషయంలోనూ అంతే. రావు గారి ఇంటిల్లిపాదినీ కలిపి చెప్పవలసి వస్తే ‘ద రావ్స్’ అంటారు, రావు గారొక్కరి ముందు ‘ద’ పెట్టరు. దీవుల గుంపును కూడా ఇంగ్లీషువాళ్లు అలా ఒక కుటుంబంగా పిలిచారు.

ఫిలిప్పీన్స్ పేరు ఎలా పుట్టిందో చూస్తే ఇంకా తేటగా తెలుస్తుంది. 1540ల్లో స్పెయిన్ నావికుడు విలాలోబోస్ ఆ దీవుల్లో కొన్నింటికి తమ యువరాజు ఫెలిపే పేరు పెట్టాడు. ఆ యువరాజే తరువాత రెండో ఫెలిపే రాజయ్యాడు. ఆ పేరు గుంపు మొత్తానికి పాకింది. ఇంగ్లీషులో అది ‘ద ఫిలిప్పీన్ ఐలండ్స్’ అయింది. వాడుకలో ‘ఐలండ్స్’ రాలిపోయింది. దాని చివర ఉన్న బహువచన ‘స్’ వచ్చి ముందు మాటకు అతుక్కుంది, ‘ద’ ఉన్నచోటే ఉండిపోయింది. మాల్దీవ్స్ కథా ఇదే. 1965లో ఐక్యరాజ్యసమితిలో చేరినప్పుడు ఆ దేశం పేరు ‘మాల్దీవ్ ఐలండ్స్’ అనే నమోదైంది. 1969లో ‘మాల్దీవ్స్’గా మారింది.

‘ద’ రావడానికి రెండో దారి ఒకటుంది. దేశం పేరులో రాజ్యం, గణతంత్రం, రాష్ట్రాలు, దీవులు వంటి మామూలు నామవాచకం ఉంటే ‘ద’ వస్తుంది. హిస్పానియోలా అనే ఒకే దీవిని రెండు దేశాలు పంచుకున్నాయి. పడమటి వైపుది హైతీ, ముందు ఏమీ లేదు. తూర్పు వైపుది ‘ద డొమినికన్ రిపబ్లిక్’. అక్కడ ‘ద’ తెచ్చింది ‘రిపబ్లిక్’ అనే మాట. డొమినికా అని వేరే దీవి, వేరే దేశం ఉంది, దాని ముందు ఏమీ రాదు. గ్రేట్ బ్రిటన్ ముందు రాదు, ‘యునైటెడ్ కింగ్‌డమ్’ ముందు వస్తుంది. మైక్రోనీషియా ముందు రాదు, ‘ఫెడరేటెడ్ స్టేట్స్ ఆఫ్ మైక్రోనీషియా’ అంటే వస్తుంది.

#3 · కెరటం

మాస్టారూ, నమస్కారం. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. మారిషస్, సైప్రస్, బార్బడోస్ పేర్ల చివర కూడా ‘స్’ ఉంది కదా. చెవికి అవీ బహువచనాల్లాగే వినిపిస్తాయి. వాటి ముందు ‘ద’ ఎందుకు రాదు?

#4 · డెస్క్‌మనిషి

పత్రికలో ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసే ఉద్యోగం నాది, ఈ పేర్లతో రోజూ పని. కెరటం గారూ, నేను వాడే పరీక్ష ఒకటి చెబుతాను. చివరి ‘స్’ తీసేసి, ఆ స్థానంలో ‘ఐలండ్స్’ చేర్చి చూడండి. ఫిలిప్పీన్ ఐలండ్స్, మాల్దీవ్ ఐలండ్స్, బహామా ఐలండ్స్, కొమొరో ఐలండ్స్, అండమాన్ ఐలండ్స్ అన్నీ ఇంగ్లీషులో నిజంగా వాడిన పేర్లే. కాబట్టి వీటి చివరి ‘స్’ బహువచనం. మారిషస్‌లో ‘స్’ తీసేస్తే ఏమీ మిగలదు. అది 1598లో డచ్చివాళ్లు తమ రాకుమారుడు మారిస్ పేరుకు లాటిన్ రూపం తీసుకుని పెట్టిన పేరు, ఆ ‘స్’ లాటిన్ ప్రత్యయంలో భాగం. సైప్రస్‌లోది గ్రీకు పేరు చివరి అక్షరం.

బార్బడోస్ మాత్రం ఆలోచింపజేస్తుంది. పోర్చుగీసులో ఆ మాటకు గడ్డాలున్నవాళ్లు అని అర్థం, మూలంలో అది బహువచనమే. కానీ ఇంగ్లీషు దాన్ని విడదీయకుండా ఒక దీవికి పెట్టిన ఒక పేరుగా తీసుకుంది. మూల భాషలో ఏముందన్నది ఇంగ్లీషు పట్టించుకోదు, తన చెవికి బహువచనంగా తోచిందా లేదా అనే చూస్తుంది.

ఇదే పరీక్ష సీషెల్స్‌కు పెట్టండి. ‘సీషెల్ ఐలండ్స్’ అని ఎవరూ రాయగా నేను చూడలేదు. ఎందుకంటే ఆ ‘స్’ బహువచనం కాదు. పదిహేనో లూయీ కొలువులో ఆర్థిక వ్యవహారాలు చూసిన మోరో ద సెషెల్ ఇంటిపేరు అది, ఫ్రెంచివాళ్లు 1756లో ఆ దీవులను తమవిగా ప్రకటించుకున్నప్పుడు పెట్టారు. ఫ్రెంచి వర్ణక్రమంలో ఆ ‘స్’ రాతలో ఉంటుంది, పలకరు. అక్కడివి నిజంగానే 115 దీవులు కావడం, పేరు చివర ‘స్’ ఉండటం రెండూ కలిసి ఇంగ్లీషువారికి అది బహువచనంలా వినిపించింది. అందుకే కొందరు ‘ద’ పెడతారు, కొందరు పెట్టరు. పుస్తకాల్లో మీరు చూస్తున్న తేడాకు నాకు కనిపించే కారణం ఇదే, టీచరు గారూ.

#5 · ద్వారకానగర్_పాఠాలు

ఈ పరీక్ష నాకు చాలా నచ్చింది. రేపు బోర్డు మీద ఇదే పెడతాను. పిల్లలకు సూత్రం చెప్పడం కన్నా ఇలా చేతికి ఒక పని ఇస్తే గుర్తుంటుంది.

#6 · లంగరు_వేసిన_ఓడ

సరుకు ఓడల్లో సెకండ్ ఆఫీసర్‌ని. సెలవు మీద ఇంటికి వచ్చాను, మాది ఎంవీపీ కాలనీ. మీ చర్చ నా ఉద్యోగంలో రోజూ ఎదురయ్యేదే.

ఆర్కే బీచ్‌లో నిలబడితే రేవులోకి పిలుపు కోసం వేచి ఉన్న ఓడలు కనిపిస్తాయి కదా. బైనాక్యులర్‌తో ఓడ వెనుక భాగం చూడండి. పైన ఓడ పేరు, దాని కింద నమోదైన రేవు పేరు పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. మజురో అని ఉంటే మార్షల్ ఐలండ్స్ జెండా, నసావ్ అని ఉంటే బహామాస్ జెండా, వలెట్టా అని ఉంటే మాల్టా జెండా. ప్రపంచంలో అత్యధికంగా ఓడలు నమోదయ్యే దేశాల్లో మార్షల్ ఐలండ్స్ ఒకటి. పసిఫిక్‌లో చిన్న చిన్న పగడపు దీవుల దేశం అది, 1788లో అటుగా వెళ్లిన బ్రిటిష్ కెప్టెన్ జాన్ మార్షల్ పేరే దానికి మిగిలింది.

కాగితాల్లో మేము ‘ద’ను పెట్టేదీ తీసేదీ ఇలా. ఫారంలో జెండా అనే గడి ఉంటుంది, అందులో ‘మార్షల్ ఐలండ్స్’ అని మాత్రమే నింపుతాం. అదే విషయం ఉత్తరంలో వాక్యంగా రాస్తే ‘రిజిస్టర్డ్ ఇన్ ద మార్షల్ ఐలండ్స్’. గడిలో ‘ద’ ఉంటే వింతగా ఉంటుంది, వాక్యంలో లేకపోతే లోటుగా ఉంటుంది. పటాలు, పట్టికలు, తపాలా చిరునామాలు, వెబ్‌సైట్లలో దేశం ఎంచుకునే జాబితాలు అన్నీ గడి కిందికే వస్తాయి. మన పిల్లలు చాలామంది పేర్లను అలాంటి జాబితాల్లోనే మొదట చూస్తారు. అక్కడ ‘ద’ కనిపించదు కాబట్టి వాక్యంలోనూ రాదనుకుంటారు. నేను చూసినంతలో అలవాటు తప్పేది ఇక్కడే.

నాతో పనిచేసే ఫిలిపినో నావికులు మాట్లాడేటప్పుడు ‘ద ఫిలిప్పీన్స్’ అనే అంటారు. ఎంత వేగంగా మాట్లాడినా అది జారిపోదు.

#7 · మెడికో_తమ్ముడు

నమస్తే అండీ. వైద్యవిద్య దావావ్‌లో చదివి వచ్చాను, మాది గాజువాక. మన జిల్లాల నుంచి అక్కడికి వెళ్లినవారు చాలామందే ఉన్నారు. ఇప్పుడు ఒక ఆసుపత్రికి దరఖాస్తు రాస్తున్నాను. ‘ఇన్ ద ఫిలిప్పీన్స్’ అని రాయాలని ఈ చర్చ వల్ల తెలిసింది. కానీ ‘ఫిలిప్పీన్స్ వీసా’, ‘ఫిలిప్పీన్ డిగ్రీ’ అనేటప్పుడు ముందు ‘ద’ ఉండాలా? “ఎ ద ఫిలిప్పీన్స్ వీసా” అని రాస్తే కంటికే తప్పుగా కనిపిస్తోంది.

#8 · లంగరు_వేసిన_ఓడ

మీ కన్ను సరిగ్గానే పట్టుకుంది తమ్ముడూ. దేశం పేరు మరో నామవాచకం ముందు విశేషణంలా నిలబడితే తన ‘ద’ను వదిలేస్తుంది. ‘ఎ మార్షల్ ఐలండ్స్ షిప్’ అంటాం. అక్కడ ఉన్న ‘ఎ’ ఓడది, దేశానిది కాదు. ‘ద ఫిలిప్పీన్ గవర్నమెంట్’లో ‘ద’ కనిపిస్తుంది కానీ అది ప్రభుత్వానిది. జపాన్‌కు మార్చి చూస్తే తెలిసిపోతుంది: ‘ద జాపనీస్ గవర్నమెంట్’. జపాన్‌కు ‘ద’ లేకపోయినా ఇక్కడ వచ్చింది కదా.

మీ దరఖాస్తులో ‘ఎ ఫిలిప్పీన్ డిగ్రీ’ అని రాయండి, లేదా ‘ఎ డిగ్రీ ఫ్రమ్ ద ఫిలిప్పీన్స్’ అనండి. రెండోది చదవడానికి హాయిగా ఉంటుంది.

#9 · పీఎం_పాలెం_గ్యాలరీ

క్రికెట్ మాట రాకుండా ఈ చర్చ ముగియకూడదు. వెస్టిండీస్ సంగతి ఏమిటి? అది దేశం కాదు, చాలా ద్వీప దేశాల ఉమ్మడి జట్టు. 2018 అక్టోబరు 24న మన స్టేడియంలో భారత్, వెస్టిండీస్ రెండూ 321 పరుగులు చేసి మ్యాచ్ టై అయింది. కోహ్లీ అజేయంగా 157 కొట్టి, వన్డేల్లో పదివేల పరుగులు అక్కడే దాటాడు. అవతల షై హోప్ 123తో చివరి బంతి దాకా నిలబడ్డాడు. గ్యాలరీలో ఉన్నవాళ్లెవరూ మరిచిపోలేని రాత్రి అది. ఆ మ్యాచ్ గురించి ఇంగ్లీషులో చదివినప్పుడల్లా ‘వెస్టిండీస్’ ముందు ‘ద’ కనిపించదు. ‘ఇండీస్’ మాత్రం బహువచనమే కదా?

#10 · పాత_లెక్చరర్

మంచి ప్రశ్న బాబూ. ‘ఇండీస్’ బహువచనమే. అందుకే భారత జట్టు అక్కడికి ఆడటానికి వెళ్తే ‘టూర్ ఆఫ్ ద వెస్టిండీస్’ అంటారు. అక్కడ ఆ మాట ప్రాంతం. మన స్టేడియంలో ఆడింది జట్టు. జట్టు పేరుగా వాడినప్పుడు ‘ద’ను వదిలేయడం క్రికెట్ రాతల్లో స్థిరపడింది. ఇండియా, శ్రీలంక పేర్ల వరుసలో అదీ ఒక పేరుగా కూర్చుంది, స్కోరుబోర్డూ లంగరు గారు చెప్పిన గడి లాంటిదే. 2017లో వాళ్ల బోర్డు జట్టును ‘విండీస్’ అని పిలుస్తామని ప్రకటించాక ఆ పొట్టి పేరు ముందూ ‘ద’ పెట్టలేదు.

ఇండోనేషియాను ఒకప్పుడు ఇంగ్లీషులో ‘ద డచ్ ఈస్ట్ ఇండీస్’ అనేవారు. పేరు మారింది, బహువచనం పోయింది, ‘ద’ కూడా పోయింది. దీవులు అవే.

#11 · కెరటం

మాస్టారి చివరి మాట చదివాక నాకు ఒకటి తోచింది. స్వాతంత్ర్యం వచ్చాక పేర్లు మార్చుకున్న దేశాల జాబితా తీసి చూశాను. ‘ద న్యూ హెబ్రిడీస్’ 1980లో వనువాటు అయింది. ‘ది ఎలిస్ ఐలండ్స్’ 1978లో టువాలుగా స్వతంత్రమైంది. ‘ద గిల్బర్ట్ ఐలండ్స్’ 1979లో కిరిబాటి అయింది. మూడు చోట్లా ‘ద’ పోయింది. మన దేశంలోనూ ‘ద లక్కదీవ్’ అనే మాటతో మొదలయ్యే పొడవాటి పేరు 1973లో లక్షద్వీప్‌గా మారింది, ముందు ఏమీ లేదు.

బయటివాళ్లు పెట్టిన పేర్లకు ‘ద’ ఉంది. సొంత పేర్లకు లేదు. అంటే ‘ద’ ఒక రకంగా వలస పాలన మిగిల్చిన గుర్తు కాదా? అలాగైతే సీషెల్స్, మాల్దీవ్స్, సోలమన్ ఐలండ్స్ తమ అధికారిక పేర్లలో ‘ద’ వద్దనుకున్నప్పుడు మనమూ మానేయడమే మర్యాద అని నా అభిప్రాయం. ఒక మనిషి తన పేరు ఎలా పలకమంటే అలా పలుకుతాం కదా.

#12 · డెస్క్‌మనిషి

కెరటం గారూ, మీ శ్రద్ధకు అభినందనలు. అయితే ఆ వాదనను పూర్తిగా ఒప్పుకోలేను.

ముందు కిరిబాటి సంగతి. ఆ దేశ భాషలో ‘టి’ అని రాసి ‘స్’ అని పలుకుతారు, కాబట్టి పేరు ‘కిరిబాస్’ అని వినబడుతుంది. అది గిల్బర్ట్స్ అనే మాటకే వాళ్ల ఉచ్చారణ. బయటివాళ్ల పేరు అలాగే ఉంది, బహువచన ‘స్’ కూడా లోపల భద్రంగా ఉంది. అయినా ఇంగ్లీషులో ‘ద’ పోయింది, ఎందుకంటే ఇంగ్లీషు చెవికి అది ఇక బహువచనంగా వినిపించడం లేదు. ఇక ఫిలిప్పీన్స్. ఒక స్పెయిన్ రాజు పేరు మోస్తున్న దేశం అది, స్వతంత్రమయ్యాకా తన అధికారిక పేరులోనే ‘ద’ను నిలుపుకుంది. బహామాస్ 1973లో స్వతంత్రమైంది. తమ రాజ్యాంగంలో ‘ద’లోని మొదటి అక్షరాన్ని పెద్ద అక్షరంగా రాసుకుని దాన్ని పేరులో భాగం చేసుకున్నారు. వలస గుర్తే అయితే ముందు వాళ్లే చెరిపేసేవారు.

మీరు చెప్పిన మూడు దేశాల విషయం నిజమే. దేశాల పేర్లకు సంకేతాలిచ్చే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 3166 జాబితా చూడండి. బహామాస్, కొమొరోస్, ఫిలిప్పీన్స్, మార్షల్ ఐలండ్స్ పేర్ల పక్కన ‘ద’ ఉంటుంది. మాల్దీవ్స్, సీషెల్స్, సోలమన్ ఐలండ్స్ పక్కన ఉండదు. సోలమన్ ఐలండ్స్ వాళ్లు 1975లో ‘ద సోలమన్ ఐలండ్స్’ అని పేరు పెట్టుకుని, 1978లో స్వాతంత్ర్యంతో పాటు ‘ద’ను తీసేశారు. అంటే తెలిసి తీసుకున్న నిర్ణయం, దాన్ని గౌరవించాలి. నేను సోలమన్ ఐలండ్స్, సీషెల్స్ ముందు ‘ద’ పెట్టను.

మాల్దీవ్స్ దగ్గర మాత్రం ఆగుతాను. ఇంగ్లీషు మాట్లాడేవారిలో అత్యధికులు వాక్యంలో ‘ద మాల్దీవ్స్’ అనే అంటారు, రాస్తారు. ప్రభుత్వ ఒప్పందం రాసేవారు వాళ్ల అధికారిక రూపం వాడాలి. పరీక్షలో వ్యాసం రాసే విద్యార్థి ‘ద’ లేకుండా రాస్తే, అది ఆ దేశం మీద గౌరవమని దిద్దేవారికి తెలియదు, తెలియక వదిలేశాడనే అనుకుంటారు.

#13 · పాత_లెక్చరర్

డెస్క్ గారి మాటకు నా ఓటు. ఒక్కటి చేరుస్తాను. వనువాటు, టువాలు పేర్ల విషయంలో కెరటం గమనించినది నిజం, కారణం మాత్రం వ్యాకరణంలో ఉంది. కొత్త పేర్లు ఇంగ్లీషు బహువచనాలు కావు. ‘సిలోన్’కు వలస కాలంలోనూ ‘ద’ లేదు, 1972లో శ్రీలంక అయ్యాకా లేదు. వలస గుర్తే అయితే సిలోన్ ముందు ఉండవలసింది కదా.

#14 · కెరటం

సిలోన్ ఉదాహరణ బలమైనదే మాస్టారూ. అయినా సోలమన్ ఐలండ్స్ వాళ్లు మూడేళ్లలో మనసు మార్చుకుని ‘ద’ను ఎందుకు తీసేశారో తెలుసుకోవాలని ఉంది. వ్యాకరణం ఉండమన్నా వాళ్లు వద్దన్నారు. పేరు మీద హక్కు ఆ ప్రజలదే అన్న నా మాట అక్కడ నిలబడుతుంది.

#15 · పాత_లెక్చరర్

అక్కడ నిలబడుతుంది. కాదనను.

#16 · ద్వారకానగర్_పాఠాలు

మరో రెండు సందేహాలు. ‘ట్రినిడాడ్ అండ్ టొబాగో’లో రెండు దీవులున్నా ‘ద’ లేదు. ‘సెయింట్ విన్సెంట్ అండ్ ద గ్రెనడీన్స్’లో మాత్రం ‘ద’ పేరు మధ్యలో వచ్చింది. పిల్లలు దీన్ని చూసి నవ్వారు, నేను నవ్వలేదు, ఎందుకంటే మనం చెప్పుకున్న సూత్రం అక్కడ కళ్ల ముందే పనిచేస్తోంది. సెయింట్ విన్సెంట్ ఒక దీవి, గ్రెనడీన్స్ దీవుల వరుస. ‘ద’ సరిగ్గా బహువచనం పక్కనే నిలబడింది. నా వివరణ సరైనదేనా?

రెండోది క్రియ గురించి. పేరు బహువచనం కదా, క్రియ కూడా బహువచనంలో ఉండాలా?

#17 · డెస్క్‌మనిషి

మొదటిదానికి మీ వివరణ అక్షరాలా సరైనది. ఆంటిగ్వా అండ్ బార్బుడా, సెయింట్ కిట్స్ అండ్ నెవిస్, సావో టోమే అండ్ ప్రిన్సిపే అన్నీ జంట పేర్లు. రెండు ఏకవచనాలను ‘అండ్’తో కలిపితే బహువచన నామం పుట్టదు, కాబట్టి ‘ద’ రాదు.

రెండోదానికి నా అనుభవం చెబుతాను. దేశంగా మాట్లాడితే క్రియ ఏకవచనం: ‘ద ఫిలిప్పీన్స్ ఈజ్’, ‘ద మాల్దీవ్స్ హాజ్’. ఒప్పందం మీద సంతకం చేసింది, ఎన్నికలు జరిపింది, రాయబారిని పంపింది అనే వార్తల్లో అది ఒక రాజ్యం. సముద్ర మట్టానికి ఎంతో ఎత్తులో లేని దీవులు అనే అర్థంలో, భౌగోళికంగా రాస్తే బహువచన క్రియ రావచ్చు. దేశం కాని గుంపులకు, అంటే అండమాన్స్ వంటివాటికి, బహువచన క్రియే సహజం.

తెలుగులో మాకు ఇదే చిక్కు వేరే రూపంలో వస్తుంది. ‘మాల్దీవులు’ అని మన భాషలో స్పష్టంగా బహువచనం పెట్టుకున్నాం. “మాల్దీవులు ప్రకటించింది” అని రాస్తే చెవికి కలుక్కుమంటుంది. “మాల్దీవులు ప్రకటించాయి” అంటే దీవులన్నీ విడివిడిగా ప్రకటన చేసినట్టుంటుంది. “మాల్దీవుల ప్రభుత్వం ప్రకటించింది” అని రాసి ఒడ్డున పడతాం. శీర్షికలో చోటు చాలనప్పుడు మాత్రం మొదటిదే వెళ్తుంది. నాకు అది ఇష్టం లేదు, ప్రతిసారీ మార్చమని అడుగుతాను.

#18 · మెడికో_తమ్ముడు

దరఖాస్తు పంపాను. ‘ఎ డిగ్రీ ఫ్రమ్ ద ఫిలిప్పీన్స్’ అనే రాశాను. అందరికీ ధన్యవాదాలు.

#19 · యారాడ_గాలి

ఆలస్యంగా చూశాను. మన రేవు నుంచి అప్పుడప్పుడు వెళ్లే ఓడలో ఇంటిల్లిపాదీ అండమాన్ వెళ్లాలనుకుంటున్నాం. మా పాప ఆ ప్రయాణం గురించి బడికి ఇంగ్లీషులో వ్యాసం రాయాలి. అక్కడి పేర్లలో వేటి ముందు ‘ద’ రాయాలో దయచేసి చెప్పండి. కొన్ని దీవుల పేర్లు మారాయి కూడా.

#20 · లంగరు_వేసిన_ఓడ

యారాడ గారూ, ఆ నీళ్లలో తిరిగినవాడిని కాబట్టి ఇది నాకు వదిలేయండి.

గుంపు పేరైతే ‘ద’ ఉంటుంది: ‘ది అండమాన్ అండ్ నికోబార్ ఐలండ్స్’, పొట్టిగా ‘ది అండమాన్స్’. అచ్చుతో మొదలయ్యే పేరు కాబట్టి పలికేటప్పుడు ‘ద’ కాస్తా ‘ది’ అవుతుంది, పాప చదివి వినిపించేటప్పుడు ఇది గుర్తుచేయండి. విడి దీవికి ఉండదు. హావ్‌లాక్ ఐలండ్, నీల్ ఐలండ్ ముందు ఏమీ రాయం. 2018 చివర్లో వాటిని స్వరాజ్ ద్వీప్, షహీద్ ద్వీప్ అని మార్చారు, వాటి ముందూ ఏమీ ఉండదు. ‘ఐలండ్’ అనే మామూలు నామవాచకం ఉన్నా ‘ద’ ఎందుకు రాలేదని పాప అడగవచ్చు. ఒకే దీవి పేరు చివర ‘ఐలండ్’ వస్తే ఇంగ్లీషు దాన్ని మనిషి పేరులాగే చూస్తుంది. ‘ఆఫ్’ మధ్యలో వస్తే మాత్రం ‘ది ఐల్ ఆఫ్ మ్యాన్’ అన్నట్టు ‘ద’ కావాలి. పోర్ట్ బ్లెయిర్ ఊరు కాబట్టి ముందు ఏమీ లేదు, 2024లో పెట్టిన శ్రీ విజయపురం అనే పేరుకూ అంతే.

సముద్రాలకు, జలసంధులకు ‘ద’ తప్పనిసరి. ‘ద బే ఆఫ్ బెంగాల్’ అని మొదటి వాక్యంలోనే వస్తుంది. నికోబార్ వైపు కూడా వెళ్తే అండమాన్, నికోబార్ గుంపుల మధ్య ఉన్న నీటిదారిని ‘ద టెన్ డిగ్రీ ఛానల్’ అంటారు, పది డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఓడ ఎక్కాక బ్రిడ్జ్ మీద, అంటే ఓడను నడిపే గదిలో, ఉన్న అధికారిని మర్యాదగా అడిగితే చార్టులో, అంటే సముద్ర పటంలో, ఆ గీతలు చూపిస్తారేమో ప్రయత్నించండి. చార్టులో పేర్ల ముందు ‘ద’ ఉండదు. పాప వ్యాసంలోకి ఎక్కించేటప్పుడు చేర్చుకోవాలి.